సిస్.పాత్ లైన్లు తీసేయండి, మీ ప్రాజెక్ట్‌ని మీరే ఇన్‌స్టాల్ చేసుకోండి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది. పైథాన్‌లో 18 ఫైళ్ల ప్రాజెక్ట్ ఒకటి రాసుకున్నారు. పై ఫోల్డర్‌లో ఉన్న మెయిన్ ఫైల్‌ని రన్ చేస్తే బాగానే నడుస్తోంది, కానీ లోపలి ఫోల్డర్‌లోని ఫైల్‌ని విడిగా రన్ చేసినా, టెస్ట్‌లు నడిపినా "నో మాడ్యూల్ నేమ్డ్ యుటిల్స్" అని ఎర్రర్ కొడుతోంది. ఎక్కడో చూసి ప్రతి ఫైల్ మొదట్లో సిస్.పాత్.అపెండ్ లైన్ (పైథాన్ వెతికే ఫోల్డర్ల లిస్ట్‌కి ఇంకో ఫోల్డర్ కలిపే లైన్) పెట్టారు, దాంతో కొంతవరకు కుదిరింది. ఇప్పుడు అదే కోడ్ ఇంకో ప్రాజెక్ట్‌లో కావాల్సి వచ్చింది, ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోవడం తప్ప వేరే దారి లేదా అని అడుగుతున్నారు.

దారి ఉంది, అది కాపీ చేయడం కన్నా సులువు కూడా. మీ ప్రాజెక్ట్‌కి పైప్రాజెక్ట్.టామ్ల్ అనే ఫైల్ (ప్రాజెక్ట్ వివరాలు ఉండేది) ఒకటి రాసి, కోడ్‌ని ఒక పేరున్న ఫోల్డర్‌లోకి సర్ది, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే ఈ ప్రాజెక్ట్ ఒక్కదానికే విడిగా ఉండే పైథాన్‌లో, ఎడిటబుల్‌గా (దాని అర్థం కింద చెప్తాను) ఇన్‌స్టాల్ చేయండి. ఆ తర్వాత ఆ సిస్.పాత్ లైన్లన్నీ డిలీట్ చేసేయొచ్చు. నమ్‌పై, పాండాస్ మీరు ఏ ఫోల్డర్‌లో ఉన్నా ఇంపోర్ట్ అవుతున్నాయి కదా, ఎందుకంటే అవి ఇన్‌స్టాల్ అయి ఉన్నాయి. మీ కోడ్ కూడా అలాగే ఇన్‌స్టాల్ అయితే అది కూడా ఎక్కడినుంచైనా ఇంపోర్ట్ అవుతుంది. పెద్ద పనేమీ కాదు. కాకపోతే ఎందుకు చేస్తున్నామో తెలియకుండా చేస్తే నెల తిరిగేసరికి మళ్లీ ఇదే చోటికి వస్తారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. చదవడానికి వీలుగా ఫైళ్ల పేర్లు, కమాండ్లు అన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, మీరు టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్‌లోనే చేయాలి.

ముందు పైథాన్ ఎక్కడ వెతుకుతుందో చూద్దాం. ఇంపోర్ట్ అనగానే పైథాన్ మొదట సిస్.మాడ్యూల్స్ అనే డిక్షనరీలో చూస్తుంది, ఆ పేరుతో ఇంతకుముందే లోడ్ అయి ఉంటే అదే ఇచ్చేస్తుంది. లేకపోతే సిస్.పాత్ అనే లిస్ట్‌లో ఉన్న ఫోల్డర్లను వరసగా వెతుకుతూ పోతుంది, ఎక్కడ ముందు దొరికితే అది తీసుకుంటుంది. చిక్కంతా ఆ లిస్ట్‌లో మొదటి ఎంట్రీతోనే. టెర్మినల్‌లో మనం ఏ ఫోల్డర్‌లో ఉన్నామో అక్కడ వెతుకుతుందని చాలామంది అనుకుంటారు. స్క్రిప్ట్‌ని పేరు పెట్టి రన్ చేసినప్పుడు అలా జరగదు, ఆ స్క్రిప్ట్ ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ ఫోల్డర్ మొదటి ఎంట్రీ అవుతుంది. అదే పైథాన్ -ఎమ్ అని మాడ్యూల్ పేరుతో రన్ చేస్తే అప్పుడు మాత్రం మీరున్న ఫోల్డర్ మొదటి ఎంట్రీ అవుతుంది. మీరు పై ఫోల్డర్‌లోని మెయిన్.పై రన్ చేసినప్పుడు పై ఫోల్డర్ లిస్ట్‌లోకి వచ్చింది, అక్కడ యుటిల్స్ ఉంది కాబట్టి దొరికింది. లోడర్ ఫోల్డర్‌లోని రీడ్.పై రన్ చేసినప్పుడు లిస్ట్‌లోకి వచ్చింది లోడర్ ఫోల్డర్, అందులో యుటిల్స్ లేదు. కోడ్ మారలేదు, రన్ చేసిన తీరు మాత్రమే మారింది. నమ్మకం కుదరకపోతే ఆ రెండు ఫైళ్లలోనూ సిస్.పాత్[0] ప్రింట్ చేసి చూడండి, నా మాట కన్నా ఆ రెండు లైన్లు బాగా చెప్తాయి.

టెస్ట్‌లు నడిపే టూల్ పైటెస్ట్‌తో కూడా ఇదే కథ. ఉత్తి పైటెస్ట్ అని కొడితే మీరున్న ఫోల్డర్‌ని అది సిస్.పాత్‌లో పెట్టదు, పైథాన్ -ఎమ్ పైటెస్ట్ అని కొడితే పెడుతుంది. అందుకే ఒకరి దగ్గర పాసయ్యే టెస్ట్ ఇంకొకరి దగ్గర ఇంపోర్ట్ దగ్గరే పడిపోతుంది, ఇద్దరూ ఒకే కమిట్ మీద ఉన్నా సరే.

మరి సిస్.పాత్.అపెండ్ పెడితే తప్పేంటి, పని జరుగుతోంది కదా అంటారేమో. నేను ఒకప్పుడు పని చేసిన చోట జరిగింది చెప్తాను, ఎందుకంటే ఇది ఎర్రర్ మెసేజ్‌లో కనపడని రకం. డేటా ఫైళ్లు చదివే ప్రోగ్రామ్ అది. తప్పు వరస కనపడితే బ్యాడ్‌రో అనే మా సొంత ఎక్సెప్షన్ వేస్తుంది, పైన ట్రై-ఎక్సెప్ట్‌లో దాన్ని పట్టుకుని, ఆ వరస వదిలేసి ముందుకెళ్లాలి. ఒకరోజు నుంచి అది పట్టుకోవడం మానేసింది, ప్రోగ్రామ్ మధ్యలోనే ఆగిపోయేది, ట్రేస్‌బ్యాక్ చివర చూస్తే బ్యాడ్‌రో అనే ఉంటుంది. ఎక్సెప్ట్ లైన్‌లోనూ బ్యాడ్‌రో అనే ఉంది. స్పెల్లింగ్ చూశాం, ఇండెంటేషన్ చూశాం, రెండు రోజులు తల పట్టుకున్నాం. చివరికి ఆ ఎక్సెప్షన్ క్లాస్ ఏ మాడ్యూల్‌ది అని, అంటే దాని __మాడ్యూల్__ విలువని రెండు చోట్లా ప్రింట్ చేస్తే ఒక చోట "ఎర్రర్స్" అని, రెండో చోట "లోడర్.ఎర్రర్స్" అని వచ్చింది. ఎవరో కొత్త ఫైల్‌లో సిస్.పాత్‌కి లోడర్ ఫోల్డర్‌ని కలిపి, లోపలినుంచి నేరుగా ఎర్రర్స్ అని ఇంపోర్ట్ చేశారు, మిగతా కోడ్ లోడర్.ఎర్రర్స్ అని ఇంపోర్ట్ చేస్తోంది. డిస్క్ మీద ఫైల్ ఒక్కటే, కానీ సిస్.మాడ్యూల్స్‌లో రెండు పేర్లు, అంటే పైథాన్ దృష్టిలో రెండు మాడ్యూల్స్, రెండు వేరే బ్యాడ్‌రో క్లాసులు. ఒకదాన్ని వేస్తే రెండోదాని కోసం కాచుకుని ఉన్న ఎక్సెప్ట్ ఎలా పట్టుకుంటుంది? ఈజ్‌ఇన్‌స్టాన్స్ చెక్‌లు కూడా ఇలాగే ఫాల్స్ అని చెప్తాయి, మాడ్యూల్ స్థాయిలో పెట్టుకున్న క్యాష్ కూడా రెండు కాపీలు అయి కూర్చుంటుంది. ఒక ఫైల్‌కి ఒకే ఒక ఇంపోర్ట్ పేరు ఉండాలి, ప్రాజెక్ట్‌ని ప్యాకేజీగా, అంటే ఒకే పేరు కింద ఇన్‌స్టాల్ అయ్యే కోడ్‌గా మార్చడంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇదే.

ఇప్పుడు ఫోల్డర్ల అమరిక. మీ ప్రాజెక్ట్‌కి ఒక పేరు కావాలి, రిపోర్ట్ కిట్ అనుకుందాం.

రిపోర్ట్-కిట్/
    పైప్రాజెక్ట్.టామ్ల్
    రీడ్‌మీ.ఎమ్‌డి
    ఎస్‌ఆర్‌సి/
        రిపోర్ట్_కిట్/
            __ఇనిట్__.పై
            సిఎల్ఐ.పై
            యుటిల్స్.పై
            లోడర్/
                __ఇనిట్__.పై
                రీడ్.పై
                ఎర్రర్స్.పై
            టెంప్లేట్స్/
                సమ్మరీ.హెచ్‌టిఎమ్ఎల్
    టెస్ట్స్/
        టెస్ట్_రీడ్.పై

ఇక్కడ మూడు వేర్వేరు పేర్లున్నాయి, కొత్తవాళ్లు వీటిని కలిపేస్తుంటారు. బయటి ఫోల్డర్ పేరు ఏదైనా ఉండొచ్చు, అది గిట్‌కి సంబంధించింది, పైథాన్ దాన్ని పట్టించుకోదు. పైప్రాజెక్ట్‌లో రాసే పేరు పిప్‌కి (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) చెప్పే పేరు, అందులో హైఫన్ ఉండొచ్చు. ఎస్‌ఆర్‌సి లోపల ఉన్న ఫోల్డర్ పేరు ఇంపోర్ట్‌లో రాసే పేరు, అది పైథాన్ ఐడెంటిఫయర్ అయి తీరాలి కాబట్టి హైఫన్ కుదరదు, అండర్‌స్కోర్ పెట్టుకోవాలి. పిప్ పేరూ ఇంపోర్ట్ పేరూ ఒకటే అయి ఉండాలన్న రూలేమీ లేదు. సైకిట్-లెర్న్ ఇన్‌స్టాల్ చేసి ఎస్‌కెలెర్న్ అని ఇంపోర్ట్ చేస్తాం, పిల్లో ఇన్‌స్టాల్ చేసి పిఐఎల్ అంటాం, పైయామ్ల్ ఇన్‌స్టాల్ చేసి యామ్ల్ అంటాం. వాటి చరిత్ర వాటిది, మీరు మాత్రం రెండూ ఒకటే పెట్టుకోండి, తేడా హైఫన్, అండర్‌స్కోర్ వరకే ఉండనివ్వండి.

ఎస్‌ఆర్‌సి ఫోల్డర్ ఎందుకు, రిపోర్ట్_కిట్‌ని నేరుగా పైనే పెట్టొచ్చు కదా అని అడుగుతారు. పెట్టొచ్చు, చాలా పెద్ద ప్రాజెక్టులు అలాగే ఉన్నాయి. నేను ఎస్‌ఆర్‌సి వైపే, దానికి కారణం ఒక్కటే. పై ఫోల్డర్‌లో నిలబడి -ఎమ్‌తో ఏదైనా రన్ చేసినప్పుడు ఆ ఫోల్డర్ సిస్.పాత్ మొదట్లో ఉంటుంది కాబట్టి ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాకపోయినా ఇంపోర్ట్ అయిపోతుంది, ఇన్‌స్టాల్ అయినదాన్ని టెస్ట్ చేస్తున్నామా లేక పక్కన పడున్న ఫోల్డర్‌ని టెస్ట్ చేస్తున్నామా అన్నది తెలియదు. ఎస్‌ఆర్‌సి లోపల పెడితే ఆ అవకాశమే ఉండదు, ఇన్‌స్టాల్ చేయకపోతే వెంటనే ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ మీ దగ్గర రావడం మంచిది, వేరేవాళ్ల మెషీన్ మీద కన్నా.

పైప్రాజెక్ట్.టామ్ల్‌లో ఇంత చాలు:

[బిల్డ్-సిస్టమ్]
రిక్వైర్స్ = ["హ్యాచ్లింగ్"]
బిల్డ్-బ్యాకెండ్ = "హ్యాచ్లింగ్.బిల్డ్"

[ప్రాజెక్ట్]
నేమ్ = "రిపోర్ట్-కిట్"
వర్షన్ = "0.1.0"
రిక్వైర్స్-పైథాన్ = ">=3.10"
డిపెండెన్సీస్ = ["పాండాస్>=2.0"]

[ప్రాజెక్ట్.స్క్రిప్ట్స్]
రిపోర్ట్-కిట్ = "రిపోర్ట్_కిట్.సిఎల్ఐ:మెయిన్"

మొదటి భాగం ఈ ప్రాజెక్ట్‌ని ఏ టూల్‌తో కట్టాలో పిప్‌కి చెప్తుంది. హ్యాచ్లింగ్ కాకుండా సెటప్‌టూల్స్ పెట్టుకున్నా, ఫ్లిట్ పెట్టుకున్నా రెండో భాగం మారదు, ఎందుకంటే అది పెప్ 621 అనే ఉమ్మడి ప్రమాణం ప్రకారం రాసేది. మీకు నెట్‌లో దొరికే పాత సమాధానాల్లో సెటప్.పై కనపడుతుంది, అది చూసి కంగారు పడొద్దు. ఆ ఫైల్ ఇప్పటికీ చెల్లుతుంది, కానీ పైథాన్ సెటప్.పై ఇన్‌స్టాల్ అని కొట్టే పద్ధతికి కాలం చెల్లింది, దాని కింద ఉన్న డిస్ట్‌యుటిల్స్‌ని 2023లో వచ్చిన పైథాన్ 3.12లో తీసేశారు కూడా. సి కోడ్ కంపైల్ చేసే అవసరం లాంటిదేదీ లేకపోతే కొత్త ప్రాజెక్ట్‌కి సెటప్.పై అక్కర్లేదు.

తర్వాత ఇన్‌స్టాల్. ప్రాజెక్ట్ పై ఫోల్డర్‌లో పైథాన్ -ఎమ్ వెన్వ్ .వెన్వ్ అని కొట్టి ఎన్విరాన్‌మెంట్ తయారు చేసి, దాన్ని యాక్టివేట్ చేసి, అక్కడే

పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ -ఇ .

అని కొట్టండి. చివర చుక్క ఉంది, మర్చిపోకండి, ఈ ఫోల్డర్‌నే ఇన్‌స్టాల్ చేయమని దాని అర్థం. -ఇ అంటే ఎడిటబుల్. మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే కోడ్ సైట్-ప్యాకేజెస్‌లోకి (ఇన్‌స్టాల్ చేసిన లైబ్రరీలు ఉండే ఫోల్డర్) కాపీ అవుతుంది, మీరు ఫైల్ మార్చినా పాతదే నడుస్తుంది. ఎడిటబుల్ అయితే కాపీ జరగదు, మన అమరికలో సైట్-ప్యాకేజెస్‌లో .పిటిహెచ్ అన్న ఎక్స్‌టెన్షన్‌తో ఒక చిన్న ఫైల్ పడుతుంది, తెరిచి చూడండి, అందులో మీ ఎస్‌ఆర్‌సి ఫోల్డర్ పూర్తి దారి ఒక్క లైన్ ఉంటుంది. పైథాన్ మొదలైనప్పుడు ఆ లైన్ చదివి సిస్.పాత్‌కి కలుపుకుంటుంది. అంటే మీరు 18 ఫైళ్లలో చేతితో చేసిన పనినే ఇది ఒక్క చోట, ఒక్కసారి, కోడ్ బయట ఉండి చేస్తోంది. దీన్ని ఒకసారి కళ్లారా చూస్తే ఇందులో మాయమంత్రం ఏమీ లేదని తెలిసి సగం టెన్షన్ పోతుంది. కోడ్ మార్చినప్పుడు మళ్లీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు గానీ, పైప్రాజెక్ట్‌లో డిపెండెన్సీలో స్క్రిప్ట్ పేర్లో మారిస్తే మాత్రం అదే కమాండ్ మళ్లీ కొట్టాలి.

వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ లేకుండా చేద్దామనుకోకండి. డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో ఇన్‌స్టాల్ చేయబోతే ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్ అని ఆపేస్తుంది. దాన్ని దాటేసే ఆప్షన్ ఉంది, వాడొద్దు. ఆపరేటింగ్ సిస్టమ్ సొంత టూల్స్ ఆ పైథాన్ మీదే ఆధారపడి ఉంటాయి.

ఇప్పుడు మీ 18 ఫైళ్లలో ఇంపోర్ట్‌లు మార్చాలి. యుటిల్స్ అని ఉన్న చోటల్లా రిపోర్ట్_కిట్.యుటిల్స్ అని పూర్తి పేరు రాయండి. ఒకే సబ్‌ప్యాకేజీలో పక్కపక్కన ఉన్న ఫైళ్ల మధ్య చుక్క పెట్టి ఫ్రమ్ .ఎర్రర్స్ ఇంపోర్ట్ బ్యాడ్‌రో అని రిలేటివ్‌గా రాసినా తప్పు లేదు. నేనైతే పక్క ఫైల్‌కి ఒక చుక్క, ఆపైన అన్నీ పూర్తి పేరు, మూడు చుక్కలు పెట్టి పైకి ఎక్కే ఇంపోర్ట్ చదివేవాళ్లకి నరకం. ఏ పద్ధతి ఎంచుకున్నా ప్రాజెక్ట్ మొత్తం అదే పాటించండి.

రిలేటివ్ ఇంపోర్ట్ రాసిన ఫైల్‌ని నేరుగా రన్ చేస్తే "అటెంప్టెడ్ రిలేటివ్ ఇంపోర్ట్ విత్ నో నోన్ పేరెంట్ ప్యాకేజ్" అని వస్తుంది, ఈ ఒక్క ఎర్రర్ మీద ఎంతమంది ఎన్ని గంటలు పోగొట్టుకున్నారో లెక్క లేదు. కారణం చిన్నదే. పైథాన్ రీడ్.పై అని ఫైల్ పేరుతో పిలిస్తే, ఆ ఫైల్‌కి తన అసలు పేరు రిపోర్ట్_కిట్.లోడర్.రీడ్ అన్న సంగతి తెలియదు, దాని __నేమ్__ విలువ __మెయిన్__ అయిపోతుంది, ఏ ప్యాకేజీకి చెందిందో ఆనవాలు ఉండదు, మరి చుక్క అంటే "నా ప్యాకేజీలో" అని కదా, ఎవరి ప్యాకేజీ? అదే పైథాన్ -ఎమ్ రిపోర్ట్_కిట్.లోడర్.రీడ్ అని పూర్తి పేరుతో పిలవండి, చివర .పై లేకుండా. అప్పుడు కూడా __నేమ్__ విలువ __మెయిన్__ అనే ఉంటుంది గానీ __ప్యాకేజ్__ లో రిపోర్ట్_కిట్.లోడర్ అని నిండి ఉంటుంది, చుక్క పని చేస్తుంది. ప్యాకేజీ లోపలి ఫైల్‌ని ఫైల్ పేరుతో ఎప్పుడూ రన్ చేయొద్దు, ఇది మీ టీమ్‌లో అందరికీ చెప్పండి.

ఇంకా మంచి పద్ధతి స్క్రిప్ట్స్ భాగం. పైన రిపోర్ట్-కిట్ = "రిపోర్ట్_కిట్.సిఎల్ఐ:మెయిన్" అని రాశాం కదా, ఇన్‌స్టాల్ చేయగానే .వెన్వ్ లోపల బిన్ ఫోల్డర్‌లో రిపోర్ట్-కిట్ అనే కమాండ్ తయారవుతుంది, విండోస్‌లో అయితే స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో ఇఎక్స్ఇగా. ఎన్విరాన్‌మెంట్ యాక్టివేట్ అయి ఉంటే ఏ ఫోల్డర్ నుంచైనా ఆ పేరు కొడితే సిఎల్ఐ.పైలోని మెయిన్ ఫంక్షన్ నడుస్తుంది, అది తిరిగిచ్చే విలువే ఎగ్జిట్ కోడ్ అవుతుంది. ఇది వచ్చాక మీ పై ఫోల్డర్‌లోని మెయిన్.పైతో పని లేదు.

__ఇనిట్__.పై గురించి కాస్త ఆగి చెప్పాలి. పైథాన్ 3.3 నుంచి ఆ ఫైల్ లేకపోయినా ఫోల్డర్ ఇంపోర్ట్ అవుతుంది, నేమ్‌స్పేస్ ప్యాకేజీ అంటారు. అందుకే "ఇప్పుడు అది అక్కర్లేదట" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. నేమ్‌స్పేస్ ప్యాకేజీలు వేరే అవసరం కోసం పుట్టాయి, ఒకే పై పేరు కింద విడివిడిగా ఇన్‌స్టాల్ అయ్యే ప్యాకేజీలు ఉండటానికి. మీ ప్రాజెక్ట్‌కి ఆ అవసరం లేదు, ప్రతి ఫోల్డర్‌లో ఖాళీదైనా ఒకటి పెట్టండి. సెటప్‌టూల్స్‌లోని ఫైండ్_ప్యాకేజెస్ ఆ ఫైల్ లేని ఫోల్డర్లను ప్యాకేజీలుగా లెక్కపెట్టదు, మీ మెషీన్‌లో ఇంపోర్ట్ అవుతూనే ఉంటుంది, పంపించిన వీల్‌లో (వేరేవాళ్లు ఇన్‌స్టాల్ చేసుకోవడానికి కట్టే ఫైల్) మాత్రం ఆ ఫోల్డర్ ఉండదు.

ఆ ఫైల్‌లో ఏం రాయాలి అంటే, వీలైనంత తక్కువ. రిపోర్ట్_కిట్.లోడర్.ఎర్రర్స్ అని ఒక్క చిన్న మాడ్యూల్ అడిగినా పైథాన్ ముందు రిపోర్ట్_కిట్ ఇనిట్, తర్వాత లోడర్ ఇనిట్, ఆ తర్వాతే ఎర్రర్స్ రన్ చేస్తుంది. పై ఇనిట్‌లో పాండాస్‌ని లాగే ఇంపోర్ట్ ఒకటి పెట్టారనుకోండి, ఎక్సెప్షన్ క్లాస్ ఒక్కటి కావాల్సిన వాడు కూడా పాండాస్ లోడ్ అయ్యేదాకా ఆగాలి. బయటివాళ్లు వాడాల్సిన రెండు మూడు ఫంక్షన్లను అక్కడ బయటపెట్టండి, అంతకు మించి వద్దు. ఇనిట్‌లో అన్నీ పోగుచేస్తే సర్క్యులర్ ఇంపోర్ట్ కూడా అక్కడినుంచే మొదలవుతుంది. "పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్" అన్న మాట ఎర్రర్‌లో కనపడితే అదే. ఎ, బి అని రెండు మాడ్యూల్స్ అనుకోండి, ఎ కోసం బి లోడ్ అవుతోంది, బి కోసం ఎ కావాలి, ఎ ఇంకా సగంలోనే ఉంది. ఇంపోర్ట్‌ని ఫంక్షన్ లోపలికి తోసేస్తే ఎర్రర్ పోతుంది, అత్యవసరమైతే చేయండి, కానీ రెండు మాడ్యూల్స్‌కీ ఉమ్మడిగా కావాల్సింది మూడో ఫైల్‌లోకి తీయడమే సరైన మందు. మీ యుటిల్స్.పైలో అన్నీ కుక్కి ఉంటాయని నా అనుమానం, ముందు దాన్ని విడగొట్టండి. తేదీల ఫంక్షన్లు డేట్స్‌లోకి, ఫైళ్ల ఫంక్షన్లు ఫైల్స్‌లోకి, అలా.

పేర్ల దగ్గర ఇంకో జాగ్రత్త. రాండమ్.పై, ఈమెయిల్.పై, లాగింగ్.పై లాంటి పేర్లు పై ఫోల్డర్‌లో పెట్టుకుంటే స్టాండర్డ్ లైబ్రరీవి మూసుకుపోతాయి, సిస్.పాత్‌లో మీ ఫోల్డర్ ముందుంటుంది కాబట్టి. పైథాన్ 3.13లో దీనికి ఎర్రర్ మెసేజే ఇలా జరిగి ఉండొచ్చని సూచిస్తోంది. ప్యాకేజీలోకి సర్దేశాక రిపోర్ట్_కిట్.లాగింగ్ అని పూర్తి పేరు ఉంటుంది కాబట్టి ఢీకొనదు, ఇదీ ఒక లాభం.

మీ టెంప్లేట్ ఫైల్ సంగతి మీరు అడగలేదు గానీ వచ్చే వారం అడుగుతారు. ఇప్పుడు దాన్ని టెంప్లేట్స్/సమ్మరీ.హెచ్‌టిఎమ్ఎల్ అని నేరుగా ఓపెన్ చేస్తుంటారు, అది మీరు నిలబడ్డ ఫోల్డర్ నుంచి వెతుకుతుంది, ఇంపోర్ట్ దగ్గర పడ్డ పాట్లే మళ్లీ ఇక్కడ పడాలి. ప్యాకేజీ లోపలి ఫైల్‌ని ఇంపోర్ట్‌లిబ్.రిసోర్సెస్‌లోని ఫైల్స్ ఫంక్షన్‌తో అడగండి, పైథాన్ 3.9 నుంచి ఉంది. దానికి ప్యాకేజీ పేరు ఇచ్చి, స్లాష్ పెట్టి టెంప్లేట్స్, మళ్లీ స్లాష్ పెట్టి ఫైల్ పేరు ఇచ్చి, రీడ్_టెక్స్ట్ అంటే చాలు. ఆ ఫైల్ వీల్‌లోకి ఎక్కిందో లేదో కూడా చూసుకోవాలి. ప్యాకేజీ ఫోల్డర్ లోపల ఉండి గిట్‌ఇగ్నోర్‌లో లేకపోతే హ్యాచ్లింగ్ దానంతట అదే ఎక్కిస్తుంది, సెటప్‌టూల్స్ అయితే ప్యాకేజ్-డేటాలోనో మానిఫెస్ట్.ఇన్‌లోనో మీరు చెప్పాలి. ఎడిటబుల్ ఇన్‌స్టాల్‌లో ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే అక్కడ నడుస్తున్నది మీ అసలు ఫోల్డరే, అందులో ఫైల్ ఎలాగూ ఉంటుంది.

అందుకే ఎవరికైనా ఇచ్చే ముందు ఒకసారి నిజం వీల్ కట్టి చూడండి. బిల్డ్ అనే టూల్ ఇన్‌స్టాల్ చేసి పైథాన్ -ఎమ్ బిల్డ్ అంటే డిస్ట్ ఫోల్డర్‌లో .డబ్ల్యూహెచ్ఎల్ ఫైల్ వస్తుంది. అది మామూలు జిప్ ఫైలే. పైథాన్ -ఎమ్ జిప్‌ఫైల్ -ఎల్ అని ఆ ఫైల్ పేరు ఇస్తే లోపలేమున్నాయో మొత్తం లిస్ట్ చూపిస్తుంది, టెంప్లేట్ ఉందా, లోడర్ ఫోల్డర్ ఉందా, పొరపాటున టెస్ట్స్ గానీ పాస్‌వర్డ్‌లున్న కాన్ఫిగ్ గానీ ఎక్కిందా, అన్నీ కంటికి కనపడతాయి. తర్వాత పూర్తిగా కొత్త ఎన్విరాన్‌మెంట్‌లో ఆ వీల్‌ని ఇన్‌స్టాల్ చేసి, ప్రాజెక్ట్ ఫోల్డర్ బయటికి వెళ్లి రిపోర్ట్-కిట్ కమాండ్ కొట్టండి. నేను ప్రతి రిలీజ్‌కీ ఇది చేస్తాను, డిపెండెన్సీస్‌లో రాయడం మర్చిపోయిన లైబ్రరీ ఎప్పుడూ ఇక్కడే పట్టుబడుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న, రెండో ప్రాజెక్ట్. రెండూ మీ మెషీన్‌లోనే ఉండి, రెండిటినీ ఒకేసారి మారుస్తుంటే రెండో ప్రాజెక్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో పిప్ ఇన్‌స్టాల్ -ఇ తర్వాత చుక్కకి బదులు రిపోర్ట్-కిట్ ఫోల్డర్ దారి ఇవ్వండి, అంతే. టీమ్‌లో వేరేవాళ్లకి కావాలంటే గిట్‌లో ట్యాగ్ వేసి, పిప్‌కి గిట్+ తో మొదలయ్యే ఆ రిపోజిటరీ అడ్రస్, చివర @ పెట్టి ట్యాగ్ పేరు ఇవ్వండి, నేరుగా అక్కడినుంచే ఇన్‌స్టాల్ అవుతుంది. పైపిఐలో (పిప్ మామూలుగా ప్యాకేజీలు తెచ్చే పబ్లిక్ సైట్) పెట్టాల్సిన అవసరమే లేదు. ఎప్పుడైనా పెట్టాలనిపిస్తే ముందు టెస్ట్ పైపిఐలో అలవాటు చేసుకోండి, ఎందుకంటే ఒకసారి ఎక్కించిన ఫైల్‌ని డిలీట్ చేసినా అదే పేరూ వర్షన్‌తో మళ్లీ ఎక్కించనివ్వదు. ఆఫీస్ కోడ్ పొరపాటున పబ్లిక్ అవుతుందేమో అని భయమైతే పైప్రాజెక్ట్‌లో క్లాసిఫయర్స్ అనే లిస్ట్‌లో "ప్రైవేట్ :: డు నాట్ అప్‌లోడ్" అని రాసి పెట్టండి, ప్రైవేట్ అని మొదలయ్యే క్లాసిఫయర్ ఉంటే పైపిఐ తిప్పి పంపేస్తుంది.

డిపెండెన్సీస్‌లో వర్షన్లు == పెట్టి బిగించొద్దు. రిపోర్ట్ కిట్ ఇప్పుడు వేరే ప్రాజెక్టులు వాడే లైబ్రరీ. మీరు పాండాస్ 2.1.4 మాత్రమే అంటే, రెండో ప్రాజెక్ట్ 2.2 కావాలంటే, పిప్ రెండిటినీ కలపలేక చేతులెత్తేస్తుంది. కనీసం ఏ వర్షన్ కావాలో అది రాయండి. కచ్చితమైన వర్షన్ల లిస్ట్ చివర్లో నడిచే అప్లికేషన్‌కి ఉండాలి, లాక్ ఫైల్ రూపంలో. యువి, పొయట్రీ లాంటి టూల్స్ ఈ లాక్ ఫైల్ వాటంతట అవే రాస్తాయి. ఏ టూల్ మంచిదన్న గొడవలో మాత్రం ఇప్పుడే దిగకండి, ముందు పిప్, వెన్వ్‌తో ఒకసారి చేతులారా చేయండి, ఆ తర్వాత ఏ టూల్‌కి మారినా అది లోపల ఏం చేస్తోందో మీకు తెలుస్తుంది.

చేసే వరస ఇలా పెట్టుకోండి. ముందు ఉన్నది ఉన్నట్టు కమిట్ చేయండి. ఫైళ్లను గిట్ ఎంవితో ఎస్‌ఆర్‌సి/రిపోర్ట్_కిట్ లోకి జరిపి, పైప్రాజెక్ట్ రాసి, ఎడిటబుల్‌గా ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత సిస్.పాత్ లైన్లన్నీ ఒకేసారి తీసేయండి, ఒక్కటి కూడా ఉంచొద్దు, ఎందుకంటే మిగిలిన ఆ ఒక్కటే పైన చెప్పిన రెండు బ్యాడ్‌రోల పరిస్థితి తెస్తుంది. అప్పుడు పైటెస్ట్ నడపండి, ఇంపోర్ట్ ఎర్రర్లు వరసగా వస్తాయి, ఒక్కొక్కటే పూర్తి పేరుతో సరిచేసుకుంటూ పోండి, 18 ఫైళ్లే కాబట్టి గంటలోపే అయిపోతుంది. ఎక్కడైనా ఆగిపోతే ట్రేస్‌బ్యాక్ మొత్తం, మీరు కొట్టిన కమాండ్, సిస్.పాత్ ప్రింట్, ఈ మూడూ పెట్టండి, ఉత్తి చివరి లైన్ ఒక్కటే పెడితే ఎవరూ చెప్పలేరు.